మూడో గంట

కాశయ్య కుడిచెయ్యి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే ఇనుప కడ్డీ మీద ఉంది. ఇల్లందు పక్కన ఒక బొగ్గుబాయిలో, నేల కింద, అతను హాలేజీ ఇంజను నడుపుతాడు. ఇంజను చక్రానికి చుట్టుకున్న తాడు చీకట్లోకి పోతుంది. దాని చివర బొగ్గు టబ్బులుంటాయి. అక్కడ ఏం జరుగుతోందో అతనికి కనపడదు. అక్కడివాళ్ళు గంట కొడితే ఇతను వినాలి. ఒకటి కొడితే ఆపాలి. రెండు కొడితే లాగాలి. మూడు కొడితే మెల్లగా దించాలి.

రెండో గంట విన్నాక కాశయ్య ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆగేవాడు. మూడోది ఉందేమోనని. పనిలో చేరిన ఏడాది రెండు వినగానే కడ్డీ లాగాడు, ఆ వెంటే మూడోది మోగింది. కింద టబ్బు పక్కన నిలబడ్డ భీమయ్య బూటు ముక్కు అప్పడంలా అయింది. వేలు దక్కింది. భీమయ్య రిటైరయ్యేదాకా ఎప్పుడు కనపడ్డా కాలెత్తి చూపించేవాడు. అప్పటినుంచీ కాశయ్యకు ఆగడం అలవాటైంది.

"కాశన్నా, తాడు నిద్రపోయిందా ఏంది?" అని కిందివాళ్ళు పైకొచ్చి ఎగతాళి చేసేవారు.

"నా నిద్ర నీ కాళ్ళకే మంచిదిరా," అనేవాడు.

బాయిలో అది మంచి అలవాటే. షిఫ్టు దిగి బాయి మీదకి వచ్చాక కూడా పోలేదు. బస్సు వస్తే వెనక ఇంకోటి ఖాళీగా వస్తుందేమోనని ఆగేవాడు. చొక్కా గుడ్డ చూస్తే పక్క దుకాణంలో ఇంకా బాగుంటుందేమో అనుకునేవాడు. అలా ఆగి ఆగి ఎన్నోసార్లు ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. ఇంట్లోవాళ్ళు నవ్వుకునేవారు.

గంటల భాష కాక కాశయ్యకు ఇంకో భాష వచ్చు. అతని అక్క రామక్క పుట్టు చెవిటిది, మాట రాదు. అమ్మ, అక్క, తమ్ముడు ముగ్గురూ కలిసి చిన్నప్పటినుంచి ఇంట్లో అల్లుకున్న సైగల భాష అది. ముక్కు పక్కన వేలు పెడితే అమ్మ, ముక్కుపుడక గుర్తుగా. అరచేత్తో చెంప రుద్దుకుంటే నాన్న, బొగ్గుమసి గుర్తుగా. కడ్డీ లాగినట్టు చేస్తే కాశయ్య. నాలుక మీద ఉప్పు రాసుకున్నట్టు చేస్తే ‘నిజం చెప్పు’ అని. కాశయ్య కూతురు హర్షిత ఒకసారి బధిరుల బడిలో నేర్పే సైగలు ఫోనులో తెచ్చి చూపించింది. రామక్క మర్యాదగా చూసి, మేకలకు ఆకు వేయడానికి లేచిపోయింది. అవి ఆమెకు పరాయి ఊరి మాటలు.

వాళ్ళ భాష ఈ లోకంలో ముగ్గురికే వచ్చు. పోయిన మాఘమాసంలో అమ్మ పోయింది. ఇద్దరు మిగిలారు.

రామక్కది జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న పల్లె. భర్త పోయి చాలాకాలమైంది. అమ్మ ఆమె దగ్గరే ఉండేది. కాశయ్య ఫోను చేస్తే అమ్మే ఎత్తేది, అటు అక్కకు సైగ చేస్తూ ఇటు తమ్ముడికి చెప్పేది. "దానికి కోపంగున్నదిరా, పోయిన ఐతారం రాలేదని మూతి తిప్పుకున్నది," అని మూతి తిప్పడాన్ని కూడా ఫోనులో వినిపించేది. దినాలు అయిపోయాక కాశయ్య బండి ఎక్కి, ఊరి చివర దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయాడు. ఆ ఇంట్లో ఇక ఫోను మోగితే వినేవాళ్ళు లేరన్న సంగతి అప్పుడు తట్టింది. తనతో రమ్మంటే రామక్క ఒక్కటే అడిగింది: పదకొండు మేకలు కంపెనీ క్వార్టర్ మెట్లు ఎక్కుతాయా?

అప్పుడతను బాయి తెలివి వాడాడు. అమ్మ వాడిన మీటల ఫోనును వణుకు మీద పెట్టి, గుడ్డసంచిలో వేసి అక్క నడుముకు కట్టాడు. ఆమె అరచేతి మీద వేలితో కొట్టి నేర్పించాడు. ఒక మిస్డ్ కాల్ అంటే బాగున్నా. రెండంటే రా. మూడంటే ఏమీ లేదు, పొరపాటున నొక్కాను, రావద్దు. ఒక్క పూటలో నేర్చుకుంది. రోజూ పొద్దుగూకే వేళ ఆమె నుంచి ఒకటి వచ్చేది, ఇతను తిరిగి ఒకటి ఇచ్చేవాడు. నడుము దగ్గర ఫోను తుమ్మెదలా వణికితే ఆమె పొయ్యి ముందు కూర్చునే నవ్వుకునేదట.

కానీ ఒకటీ రెండూ మూడుతో ఎంతని చెప్పుకోగలరు? అమ్మ గురించి చెప్పుకోవాలంటే ఆదివారం దాకా ఆగాలి. పైగా ఆ ఫోను ముసలిదైంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత నిలవడం లేదు, రబ్బరు బ్యాండు వేసి ఉంచాడు. అది ఏ రోజు ఆగిపోతే ఆ రోజు అడవి అంచున అక్క ఒక్కతే.

ఎండాకాలంలో ఆ పల్లెకు కొత్త టవరు వచ్చింది. హర్షితే చెప్పింది. "బాపూ, అత్తమ్మకు టచ్ ఫోను కొనియ్యి. వీడియోల రోజూ మాట్లాడుకోండి. ఇద్దరికీ చేతులున్నయి, ఇంకేం గావాలె?"

కాశయ్య మొహం వెలిగింది. ఆ వెలుగు రెండు రోజులుంది. మూడో రోజు అడగడం మొదలుపెట్టాడు.

మొదట అడిగింది సంపత్‌ను. అతను కాశయ్య దగ్గర టబ్బులను తాడుకు తగిలించే క్లిప్పులు వేసే కుర్రవాడు, ఫోన్ల సంగతి నోటికొచ్చు.

"మామా, నీకు ఫోనుల ఏం జూడాలె? పాటలా, ఆటలా?"

"చేతులు."

"ఏంది?"

"చేతులు మంచిగ కనపడాలెరా. వేళ్ళు విడివిడిగ. మా అక్క జల్దీ మాట్లాడ్తది."

సంపత్ తన ఫోను తీసి హర్షితకు వీడియో కాల్ చేశాడు. కాశయ్య సాయంకాలపు వెలుతురులో నాలుగు సైగలు చేశాడు. అవతలినుంచి హర్షిత పగలబడి నవ్వింది. "బాపూ, నీ వేళ్ళు చీపురుకట్ట లెక్కనే ఉన్నయి!"

"చూసినవా మామా," అన్నాడు సంపత్. "గీ వెలుతుర్ల మంచి కెమెరా గావాలె. ఒక మోడలున్నది. కానీ ఇప్పుడు కొన్నవనుకో, పిచ్చోడివే. దాని తర్వాతిది రెండు నెలలల్ల వస్తున్నది. కెమెరా మొత్తం మార్చిండ్రంట."

"నువ్వు చూసినవా?"

"ఇంకా రాలేదు గదా."

"రానిది మంచిదని ఎట్ల తెలుసురా?"

"అందరంటున్నరు మామా!"

కాశయ్య కొత్తగూడెం వెళ్ళి వీరబాబు దుకాణంలో అడిగాడు. వీరబాబుది సత్తుపల్లి వైపు, మాట తీపి. ఉన్న మోడలు చేతిలో పెట్టాడు. కాశయ్య దాన్ని తిప్పి తిప్పి చూసి, దుకాణంలో పనిచేసే అమ్మాయిని ఎదురుగా నిలబెట్టి వేళ్ళు ఆడించమన్నాడు. బాగానే కనపడ్డాయి. కొనేవాడే.

"కొత్తది వస్తదంట గదా?"

"వస్తుంది బాబాయ్. వినాయక చవితికి."

"అయితే ఆగాలెనా?"

"ఆగితే కొత్తది దొరుకుద్ది. కొత్తది వస్తే ఇది తగ్గుద్ది. అప్పుడు ఇదైనా తీసుకోవచ్చు, అదైనా తీసుకోవచ్చు."

"మరి ఏది తీసుకోవాలె?"

"అదండీ, మీ ఇష్టం."

కాశయ్య బయటికొచ్చి బండి మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. దుకాణంలోకి పోకముందు ఒక ఫోనే తలలో ఉంది. ఇప్పుడు మూడున్నాయి. ఉన్నది, రానున్నది, రానున్నది వచ్చాక రేటు తగ్గిన ఉన్నది. హర్షిత యూట్యూబులో మనుషులు ఫోన్ల గురించి చెప్పేవన్నీ చూపించింది. ఒకడు ఆగమన్నాడు. ఒకడు ఆగేవాళ్ళు మూర్ఖులన్నాడు. ఒకావిడ గంటసేపు చెప్పింది, కాశయ్య ఓపిగ్గా విన్నాడు. ఆటలు ఎట్లా ఆడుతుందో, ఫోటోలో చంద్రుడు ఎట్లా పడతాడో అన్నీ చెప్పింది. అడవి అంచున గుడ్డి దీపం కింద ఒక ముసలామె వేళ్ళు ఎట్లా కనపడతాయో ఎవరూ చెప్పలేదు.

ఆ ఆదివారం అక్కనే అడుగుదామనుకున్నాడు. ఫోనుకు సైగ సులువు, అరచెయ్యి చెవికి. పెద్ద ఫోనుకు రెండు అరచేతులు. మరి ఇంకా పుట్టని ఫోనుకు ఏం సైగ చేయాలి? అరచేతులు చూపించి, కాదు అన్నాడు. దీని తర్వాతిది అనడానికి దాని కిందగా చిన్నది చూపించాడు. రెండు నెలలు అనడానికి రెండు చందమామలను గీశాడు. అప్పుడు చిన్నది వస్తుంది, అది ఇంకా మంచిది అన్నాడు.

రామక్క కళ్ళు పెద్దవి చేసింది. లేచి చూడి మేక పొట్ట మీద చెయ్యి వేసి, కాశయ్య అరచేతుల వైపు చూపించింది. ఫోను చూలుతో ఉందా?

కాశయ్య కాదని తల ఊపబోయి ఆగాడు. ఆలోచిస్తే అంతకంటే బాగా చెప్పే సైగ తనకు దొరకలేదు. అవును అన్నాడు. రామక్క మేకల కొట్టంలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అమ్మ పోయాక ఆమె అంత నవ్వడం అదే మొదలు.

అక్కడినుంచి ప్రతి ఆదివారం గడప ముందు బండి ఆగగానే అదే ప్రశ్న. పొట్ట మీద చెయ్యి. ఈనిందా? ఇంకా లేదు. వినాయక చవితి పోయింది. ఫోను దసరాకి జరిగింది. ఎందుకు జరిగిందో సంపత్ చెప్పాడు కానీ కాశయ్యకు అర్థం కాలేదు. రామక్క తన చూడి మేక ఈని పిల్లలు గంతులేస్తున్నా, తమ్ముడి ఫోను ఇంకా మోస్తూనే ఉందేమిటని జాలిపడింది. ఒకసారి మటుకు నవ్వకుండా అడిగింది. ఆ పిల్ల వచ్చేదాకా పాలు ఎక్కడివి అని, నడుముకున్న గుడ్డసంచి తట్టి చూపించింది, అంతదాకా ఇది నిలుస్తుందా అన్నట్టు. రబ్బరు బ్యాండు రెండు చుట్లయింది. వచ్చే నెల పక్కా అన్నాడు కాశయ్య. ఆమె నాలుక మీద ఉప్పు రాసుకుంది. నిజం చెప్పు. అతను చూపు తిప్పుకున్నాడు.

దసరాకు ఇరవై రోజుల ముందు, ఒక బుధవారం, కాశయ్య మొదటి షిఫ్టు దిగి మూడింటికి బాయి మీదకి వచ్చాడు. ఫోన్లు బాయిలోకి తీసుకుపోకూడదు. అతని ఫోను స్టాండులో బండి డిక్కీలో ఉంటుంది. తీసి చూశాడు. అక్క నుంచి రెండు మిస్డ్ కాల్స్. పదకొండూ పదికి ఒకటి, పదకొండూ పదకొండుకు ఒకటి.

మూడోది ఉందేమో!

రెండంటే రా. మూడంటే రావద్దు. మూడోది కొట్టబోతుంటే సిగ్నలు పోయిందేమో. కాశయ్య తిరిగి ఒకటి ఇచ్చాడు. ఆ ఫోను ఆగిపోయి ఉందని అవతలి గొంతు చెప్పింది. ఛార్జింగుకు పెట్టిందేమో. పెట్టి, ఎక్కాక మూడోది కొడుతుందేమో. క్యాంటీన్‌లో చాయ్ తీసుకుని ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. చాయ్ చల్లారింది. ఇంకోటి తెప్పించాడు.

సంపత్ స్నానం చేసి వచ్చేసరికి ఇతను ఇంకా అక్కడే ఉన్నాడు. "ఏమైంది మామా? మొహం గట్ల పెట్టినవ్?"

చెప్పాడు.

"ఎప్పుడొచ్చినయి?"

"పదకొండింటికి."

"ఇప్పుడు నాలుగు గావస్తున్నది! మూడోది ఎందుకు మామా, రెండొచ్చినయి గదా. లే. బండి నేను నడుపుతా."

దారి పొడవునా కాశయ్య వెనక కూర్చుని ఫోను గుప్పిట్లో పట్టుకున్నాడు. జూలూరుపాడు దాటాక కూడా అది వణుకుతుందేమోనని చూస్తూనే ఉన్నాడు.

పొద్దు ఇంకా ఉంది. ఇంటి తలుపు తీసే ఉంది. మేకలు వాకిట్లో గుమిగూడి అరుస్తున్నాయి. కొట్టంలో, ఆకు కట్టే గుంజ కింద, రామక్క నేల మీద కూర్చుని ఉంది. కుడి పాదం గుమ్మడికాయంత వాచింది. పక్కన చచ్చిన ఫోను, తెగిన రబ్బరు బ్యాండు.

కొమ్మలు కట్టడానికి పీట ఎక్కి జారిందట. పక్కింటి ఆమె పరుగెత్తుకొచ్చి నోరు కొట్టుకుంది. "అయ్యో, పొద్దటి సంది అరుస్తనే ఉన్నది తమ్మీ! మేకలను పిలుస్తున్నదనుకున్న. రోజు గట్లనే పిలుస్తది గదా!" అది నిజమే. రామక్క గొంతు నుంచి వచ్చేది ఒక్కటే కేక. మేకలకైనా, మనుషులకైనా.

కాశయ్య ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె రెండు వేళ్ళు చూపించింది. రెండు కొట్టాను. అతను తల ఊపాడు. ఇంత పొద్దు పోయిందేం? అతని చేతులు మెల్లగా కదిలాయి. మూడోదాని కోసం చూశాను.

రామక్క మళ్ళీ రెండు వేళ్ళు చూపించింది. రెండే కొట్టాను. అక్కడ లేని మూడో వేలును చూపించి, ఇది ఎక్కడిది అని అడిగింది.

కాశయ్యకు భీమయ్య బూటు గుర్తొచ్చింది. ఆ గంటకు ఆగడం తప్పు, ఈ గంటకు ఆగకపోవడం తప్పు. కాదు, అటుది ఇటు. ఏది ఏదో తలలో కలిసిపోయింది. ఒకటి మాత్రం తెలిసింది. ఇవాళ తను వచ్చేసరికి అక్క ప్రాణం పోయి ఉంటే, ఆ భాషలో తనతో మాట్లాడే చేతులు ఈ లోకంలో ఇంక లేనట్టే. సంపత్ అటు తిరిగి మేకలను కట్టేస్తున్నట్టు నటించాడు.

మర్నాడు కొత్తగూడెం దవాఖానాలో ఎముక చిట్లిందని చెప్పి పిండికట్టు వేశారు. ఆటోలో తిరిగి వస్తుంటే వీరబాబు దుకాణం ముందు హర్షిత ఆపించింది. రామక్కను ఇద్దరూ పట్టుకుని దింపి కుర్చీలో కూర్చోబెట్టారు.

వీరబాబు ఉన్న మోడలు తెచ్చి అద్దం బల్ల మీద పెట్టాడు. రామక్క దాన్ని ముందు అరచేతిలో పట్టుకుని, తర్వాత నడుముకు ఆనించి, వణికించమని సైగ చేసింది. హర్షిత కాల్ చేసింది. రామక్క కళ్ళు మూసుకుంది. పెదవి విరిచింది. పాత తుమ్మెద అంత గట్టిగా లేదు. కానీ తెలుస్తోంది. తర్వాత హర్షిత ఇంకో ఫోనుతో రోడ్డు అవతలికి పోయి వీడియోలో చేతులు ఆడించింది. రామక్క బల్ల మీదకి వంగి చూసింది. వేళ్ళు అయిదూ విడివిడిగా ఉన్నాయి.

"కొత్తది పదహారు రోజుల్లో వస్తోంది బాబాయ్," అన్నాడు వీరబాబు, ఉండబట్టలేక. "ఈసారి పక్కా. మీకు చెప్పకపోతే రేపు నన్నే అంటారు."

కాశయ్య చెయ్యి జేబు దాకా పోయి ఆగింది. "పదహారే గదా..."

హర్షిత పరుగున లోపలికొచ్చింది. "బాపూ! నిన్ననే గదా, ఇంకా బుద్ధి రాలేదా?"

"కాదు బిడ్డా, అందుల వణుకు గట్టిగుంటదేమో. అడుగుతున్న గంతే."

ఏమంటున్నాడని రామక్క అడిగింది. కాశయ్య పొట్ట మీద చెయ్యి పెట్టి, పదహారు రోజులు అన్నాడు.

రామక్క పిడికిలి బిగించి అద్దం బల్ల మీద కొట్టింది. టక్. టక్.

దుకాణంలో అందరూ తల తిప్పారు. కాశయ్యకు చేతిలో కడ్డీ ఉన్నట్టే అనిపించింది. అలవాటుగా ఒక ఊపిరి తీసుకున్నాడు. రామక్క పిడికిలి విప్పి, అరచేతిని బల్ల మీద పరిచి, కదలకుండా అక్కడే ఉంచింది. అతని కళ్ళలోకే చూస్తూ ఉంది.

మూడోది రాలేదు.

"బిల్లు రాయి వీరబాబూ," అన్నాడు కాశయ్య.

రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే ఫోను నిలబెట్టడానికి చోటు కావాలి కదా. రామక్క ఇంట్లో దానికి గోడలో గూడు కుదిరింది. ఆనించడానికి అమ్మ ఫోటో ఉంది. పొద్దుగూకే వేళ కాల్ కలిస్తే ముందు ఆమె చేతులు, వెనక గోడ మీద మేకల నీడలు. పక్కూళ్ళో ఎవరికి పెళ్ళి కుదిరింది, ఏ మేక ఆకు తినడం లేదు, అమ్మ ముక్కుపుడక ఎక్కడ దాచింది. క్వార్టర్‌లో హర్షిత ఫోను ముందు కాశయ్య చేతులు ఆడుతుంటే కిటికీలోంచి చూసి పిల్లలు నవ్వేవారు.

పదిహేడో రోజు కొత్తది వచ్చింది. సంపత్ క్యాంటీన్‌లో దాని బొమ్మ చూపించాడు. "చూడు మామా, ఎట్లున్నదో! ఇంకో రెండు వారాలు ఆగితే ఏం పోతుండె?" వెంటనే నాలుక కరుచుకున్నాడు. కాశయ్య బొమ్మను దగ్గరికి తీసుకుని చూశాడు. పాతదానిలాగే ఉంది. కొంచెం మంచిదేమో కూడా. తేల్చుకోలేకపోయాడు.

ఆ సాయంకాలం రామక్క తెర మీద కనపడగానే అలవాటుగా పొట్ట మీద చెయ్యి పెట్టింది. ఈనిందా?

కాశయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. అవును, ఈనింది అన్నాడు.

రామక్క మొహం విప్పారింది. గూటి దగ్గరికి జరిగి, ఆత్రంగా ఇంకో ప్రశ్న వేసింది. వెంటనే నాలుక మీద ఉప్పు కూడా రాసుకుంది, నిజమే చెప్పాలి అన్నట్టు.

కాశయ్య రెండు చేతులూ గాలిలో ఆగిపోయాయి. వంటింటి వైపు తిరిగి కూతుర్ని కేకేశాడు.

"హర్షితా! ఇటు రా బిడ్డా. పుట్టింది పోతుపిల్లా, ఆడపిల్లా అని అడుగుతున్నది అత్తమ్మ. ఏం చెప్పాలె?"